నంబరు పడని వ్యాసాలు

గ్రాఫు గీయడం పూర్తయ్యేసరికి నాకు కొమ్ములు మొలిచాయి. మాది దేశమంతా చదివే వైద్య పత్రిక. నలభై ఏళ్ళ సంచికల్లో ఏ రకం వ్యాసాలు ఎన్ని వచ్చాయో లెక్కగట్టింది నేనే. ఒకే రోగి గురించి రాసే చిన్న నివేదికలు మొదట్లో పత్రికలో సగం ఉండేవి. రానురాను పెద్ద పరిశోధనలు పెరిగి, ఇవి చిక్కి శల్యమయ్యాయి. “చిన్న ఆస్పత్రుల డాక్టర్లు రాయడం మానేశారు” అని గ్రాఫు కింద దర్జాగా రాసేశాను. ఆ వాక్యం ఆధారంగానే మధ్యాహ్నం సంపాదకవర్గం ఆ చిన్న నివేదికల శీర్షికను ఎత్తేయబోతోంది.

ఈ ఘనకార్యం ఎవరికైనా చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది. అక్కకు ఫోన్ చేస్తే బావ ఎత్తాడు. ఆయన ఓ చిన్న ఆస్పత్రిలో చర్మవైద్యుడు. ఆయనకే నా వాక్యం చదివి వినిపించాను.

“మానేశారా? ఎవరు చెప్పారు నీకు?”

“నా గ్రాఫు చెప్పింది బావా.”

“దానికి కళ్ళజోడు కొనిపెట్టు. నేను మూడుసార్లు పంపాను. మూడుసార్లూ గోడకు కొట్టిన బంతే.”

“మా పత్రికకా? నాకు చెప్పనేలేదే!”

“చెబితే మరదలి సిఫారసు అంటారుగా!”

పూల దుకాణంలో కాడలు కత్తిరించే ఒకావిడ వేళ్ళు పగిలి నెత్తురు కారుతుంటే, ఆ పూలే కారణమని పట్టుకుని రాశాడట. నవ్వుతూనే చెప్పాడు కానీ చివర్లో గొంతు తగ్గింది. “బాగోలేదంటే సరే. ఎందుకు బాగోలేదో చెప్పరు. అసలెవరైనా చదివారో లేదో తెలీదు. ఇంక రాయనులే.”

నాకు భలే జాలేసింది. వెంటనే మా కంప్యూటర్లో ఆయన వ్యాసం కోసం వెతికాను. లేదు.

మా ఆఫీసులో ఒక పద్ధతుంది. వచ్చిన వ్యాసాన్ని పైపైన చూసి, పనికొస్తుందనుకుంటేనే నంబరు వేస్తారు. నంబరు పడనిది మాకు రానట్టే. నేను అచ్చయినవి లెక్కపెట్టి, నంబరున్నవాటితో సరిచూసుకుని మురిసిపోయాను. వడ్డించిన అన్నం కొలిచి, జనానికి ఆకలి తగ్గిందని చాటింపు వేసినట్టుంది నా తెలివి.

వెనక్కి పంపిన ఈమెయిళ్ళు తెరిచాను. పదేళ్ళవే ఉన్నాయి కానీ అవి చాలు. వాటిని కలిపి మళ్ళీ గీస్తే, గీత కిందికి దిగడం లేదు, పైకి పోతోంది! నేను వేసిన కేకకి పక్కగదిలోంచి ప్రూఫ్‌రీడరు పరిగెత్తుకొచ్చాడు.

“ఏమైంది? నిప్పంటుకుందా?”

“అంతకంటే మంచిది!” అని, ప్రింటరులోంచి కాగితం లాక్కుని ఆగమేఘాలమీద మీటింగుకి ఉరికాను.

ప్రధాన సంపాదకుడు సంతకానికి కలం తీసి ఉన్నాడు.

“ఆగండి సార్! నా వాక్యం తప్పు. వాళ్ళు రాస్తూనే ఉన్నారు. మనమే చదవడం మానేశాం.”

ఆయన రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. “ఇన్ని ఎక్కడ వెయ్యనమ్మా? పేజీలేవీ?”

“అన్నీ వెయ్యమనడం లేదు సార్. ప్రతిదానికీ నంబరు వేద్దాం. ఒకరిచేత చదివించి, లోపమేంటో నాలుగు ముక్కలు రాద్దాం. వీటిలో మా బావదీ ఒకటుంది. దాని జోలికి మాత్రం నేను రాను.”

“ఓహో, ఈ పరుగంతా బావకోసమా!”

“బావ వల్ల సార్. బావకోసం కాదు.”

అందరూ ఘొల్లుమన్నారు. నవ్వు ఆగాక ఆయన కలం మూత పెట్టేశాడు. శీర్షిక నిలిచింది. నాకు ఆనందంతో కాళ్ళు నేలమీద ఆనలేదు.

బావ మళ్ళీ పంపాడు. కొన్ని వారాల తర్వాత ఫోన్ చేశాడు.

“మరదలా! తిరగ్గొట్టేశారు!” అని అరిచాడు. లాటరీ తగిలినవాడు కూడా అంతలా అరవడు.

“అయ్యో బావా...”

“అయ్యో ఏంటి? రెండు పేజీలు రాశారు! ఏ పువ్వు కాడతో పగుళ్ళొస్తున్నాయో ఒక్కొక్కటీ విడివిడిగా పరీక్షించమన్నారు. నిజమేగా, నా బుర్రకి తట్టనేలేదు!”

వెనక ఎవరో ఆడమనిషి గొంతు వినబడింది. “ఈ ముళ్ళ కాడలు కూడా కావాలా డాక్టరుగారూ?”

“అన్ని రకాలూ ఇవ్వమ్మా, ఒక్కటీ వదలకు” అంటున్నాడు బావ. ఫోన్లో నేనున్న సంగతే మరిచిపోయాడు.