ల్యాబులో దొరికిన కప్పతల్లి

రెండువేల రెండు జూలైలో సబ్బవరం మీద మబ్బన్నదే కనబడలేదు. మృగశిర పోయింది, ఆరుద్ర పోయింది. గడ్డి లేక దేముడమ్మ గొర్రెలు గోడల మీది సినిమా పోస్టర్లు నమలడం మొదలెట్టాయి.

వాన మొహం చాటేస్తే ఆ ఊరి గొర్రెకాపరుల వాడలో చేసేది ఒకటే. కప్పను వేపమండలతో రోకలికి కట్టి, ఇంటింటికీ తిప్పి, నీళ్లు పోయించడం. పాట ఎత్తుకోవడం దేముడమ్మకు అత్తగారి నుంచి వచ్చిన హక్కు. వేప ఉంది, రోకలి ఉంది, గొంతూ ఉంది. కప్పే లేదు. చెరువు, నుయ్యి రెండూ ఎండాయి. మూడు రోజులు వెతికితే ఒక తొండ దొరికింది.

"దీన్నే కట్టేద్దుమే. ఆకులు కప్పితే ఎవులు సూత్తారు?" అన్నాడు ఆమె మొగుడు చలమయ్య.

"పైనోడు సూడ్డా? తొండని సూసి ఎండ రెట్టింపు పంపుతాడు!"

ఆమె తమ్ముడు తవిటయ్య కూర్మన్నపాలెంలో ఓ కాలేజీ ల్యాబు అటెండరు. మర్నాడు మొగుడూ పెళ్లాలు మందను తోలుకుని వాడి దగ్గరకే వెళ్లారు.

"కప్పలా? సాయంత్రం పిల్లలు కోత్తారు బావా, మేడమ్ని అడగాల," అని నసిగాడు తవిటయ్య.

హేమశ్రీ మేడమ్ విజయవాడ మనిషి. అంతా విని, "కోసేశాక తీసుకెళ్లండి," అంది.

"కోసిన కప్ప ఎలాగ అరుత్తాదమ్మా? అది అరిత్తేనే వాన!" అంది దేముడమ్మ.

మేడమ్‌కు నవ్వాగలేదు. "సాయంత్రానికి ప్రాణంతో తెచ్చివ్వాలి మరి."

సబ్బవరం వెళ్లొచ్చే టైము లేదు. వెళ్లినా అక్కడ పొయ్యడానికి నీళ్లు లేవు. అందుకని పక్కనే కొళాయి నీళ్లొచ్చే ఉద్యోగుల క్వార్టర్లలోనే మొదలెట్టారు. అక్కడే అరువు తెచ్చిన రోకలికి కప్పను కట్టి బావ, బావమరిది పట్టారు. కప్పకు పసుపు రాసి, బొట్టు పెట్టి దేముడమ్మ పాట ఎత్తుకుంది.

మొదటి ఇంట్లో మహాలక్ష్మమ్మ. "అయ్యో, మా భీమవరంలో చిన్నప్పుడు ఆడేవాళ్లమండీ!" అంటూ బకెట్ కుమ్మరించింది. సగం కప్పకు, సగం చలమయ్యకు. ఎదురింటావిడ పోటీకి కొళాయి ట్యూబే తెచ్చింది. రోడ్డంతా కాలువైతే గొర్రెలు మోకాళ్ల మీద పడి తాగాయి, ఆ ఊపులో నాలుగు పూలకుండీలు ఖాళీ చేశాయి. అందరూ పాట అందుకున్నారు.

కప్ప మాత్రం నోరు విప్పలేదు.

"అరువే తల్లీ," అని దేముడమ్మ బతిమాలింది. ఉన్నట్టుండి "బెక! బెక!" అని గట్టిగా వినబడింది. జనం చప్పట్లు కొట్టారు. ఆ అరుపు కప్ప వైపు నుంచి కాక మొగుడి వైపు నుంచి వచ్చిందని దేముడమ్మకు తెలిసింది. ముప్పై ఏళ్లుగా వింటున్న గొంతు తెలియదా? మొగుణ్ని ఓరకంట ఉరిమి పాడుతూనే పోయింది.

సాయంత్రం కప్పను చూసి పిల్లలు వెనక్కి జరిగారు. "బొట్టు పెట్టిన కప్పని కొయ్యలేం మేడమ్!" మేడమ్ నిట్టూర్చి, బోర్డు మీద కప్ప బొమ్మ గీసి పాఠం చెప్పేసింది. అసలు కప్ప నీళ్ల తొట్టెలో స్థిరపడింది.

వాన వెంటనే రాలేదు. పన్నెండో రోజున ఒక్క జల్లు పడింది, గడ్డికి చాలలేదు. దాంతో మహాలక్ష్మమ్మ మళ్లీ రమ్మని కబురు పెట్టింది. వెళ్లాక, తనతోనే పోతుందనుకున్న పాటను ఇరవైమంది ఆడవాళ్లు పాడుతుంటే దేముడమ్మకు కళ్లు చెమర్చాయి. కాకపోతే అందరూ మహాలక్ష్మమ్మను చూసి భీమవరం యాసలో పాడుతున్నారు. మన వానకి అర్థమవుతుందో లేదోనని ఆమెకు ఒకటే బెంగ.