మందం

కత్తి మొన టైరుకు ఆనించి పిడి అడుగున సుత్తితో ఒక్కటి వేశాడు. కత్తి పిడిదాకా దిగబడింది. మోకాలు టైరు మీద వేసి, మెడ నరాలు ఉబ్బేలా లాగుతూ చుట్టూ కోసుకుపోయాడు. రబ్బరు కీచుమంటూ నోరు తెరిచింది. లోపలి ఇనప తీగలు ఒక్కొక్కటే తెగాయి. అందులో ఒకటి ఎగిరి ఎదుట కూర్చున్నవాడి చెంప చీల్చింది. వాడు దాని అమ్మనీ అబ్బనీ తిట్టి, మసిగుడ్డ చెంపకి అదుముకుని మళ్ళీ పనిలో పడ్డాడు. పాత టైర్ల యార్డులో నెత్తురు చూసి ఎవరూ పని ఆపరు.

అతన్ని అందరూ మందం అంటారు. ఎవరు ఏ కత్తి చూపించినా ముందు పదును చూడడు, పిడి నగిషీ చూడడు. "మందమెంత?" అంటాడు. యాభై దాటిన మనిషి. పొట్టిగా, భుజాల దగ్గర పెట్టెలా ఉంటాడు. ఎడమచేతి ఉంగరంవేలు సగమే ఉంది. కుర్రతనంలో ఇదే పని చేస్తుండగా, యజమాని ఇచ్చిన పల్చటి కత్తి విరిగి ఆ సగాన్ని తీసుకుపోయింది. అప్పట్నుంచీ చేతిలో విరిగేదంటే అతనికి గిట్టదు.

ఇంట్లో ఒక గోడంతా కత్తులే. లారీ కమాను పట్టీలు అరగదీసి చేసుకున్నవి కొన్ని. వాటి ఉక్కు పిడి చివరిదాకా ఒకే ముక్కగా పోతుంది. మడతకత్తులు మరికొన్ని. మూసి జేబులో వేసుకుంటే లాగు ఒకవైపుకి జారిపోయేంత బరువు. సెలవురోజు లారీ మెకానిక్ వస్తాడు. ఇద్దరూ కొత్త కత్తిని దుంగలో అడ్డంగా దిగేసి, దాని పిడి మీద నిలబడి ఊగుతారు. వంగకపోతే ఆ రోజు పండగే. ఉల్లిపాయ తరగడానికి బ్రహ్మాస్త్రం దేనికిరా అని మెకానిక్ ఎగతాళి చేస్తే, తరుగుతుండగా ఇల్లు మీద పడితే అప్పుడు అడుగు అంటాడు మందం. పెళ్ళి చేసుకోలేదు. వద్దని కాదు. తల్లి పోయాక చంటిపిల్లగా చేతికొచ్చిన చెల్లెలు పెద్దదవ్వాలని ఆగాడు. ఆమె పెద్దదయ్యేసరికి ఇతన్ని అడిగేవాళ్ళు లేకపోయారు.

ఆ చెల్లెలు ఈ తెల్లవారుజామున వచ్చింది. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. నెత్తిమీద అరచేయంత మేర జుట్టు లేదు, కుదుళ్ళతో సహా ఊడొచ్చింది. ఏడవలేదు. "ఈసారి చంపేస్తాడన్నయ్యా" అంది, సరుకులు అయిపోయాయని చెప్పినట్టు.

దూరపు ఊళ్ళో పిన్ని ఉంది. ఆవిడ పనిచేసే బట్టల మిల్లులో కుట్టుపని ఇప్పిస్తానంది. ఆ ఊరికి రోజుకొకటే బస్సు, పొద్దుగుంకే వేళ సందు చివర ఆగుతుంది. అప్పటిదాకా ఆమె మొగుడి కంటపడకుండా ఉండాలి, అంతే. తను పనికి పోకపోతే చెల్లెలి మొగుడు నేరుగా ఇంటికే వస్తాడని, ఏమీ ఎరగనట్టు యార్డుకి వచ్చాడు. వచ్చాడే గాని ప్రాణమంతా ఆ తలుపు దగ్గరే ఉంది. పోయిన నెల చెల్లెలి మొగుడు తాగొచ్చి తన్నినప్పుడు అడ్డగడియ రెండు ముక్కలైంది. తలుపుకీ ద్వారబంధానికీ ఉన్న ఇనప కొక్కేలు మాత్రం అలాగే ఉన్నాయి. వాటిలోకి కొత్త చెక్క కోసి పెట్టడం ఎంతసేపు. కాని గోడనిండా కత్తులున్న ఇంటికి గడియ దేనికిలే అనుకుంటూ నెల గడిపేశాడు.

మధ్యాహ్నం అనుకున్నట్టే మోటారుసైకిలు యార్డులోకి వచ్చింది. చెల్లెలి మొగుడు బండి దిగుతూనే అతని టీ గ్లాసు తన్నేశాడు.

"ఏం బావా, నా పెళ్ళాన్ని ఎక్కడ దాచావు?"

తనకి తెలీదన్నాడు. మొదటి దెబ్బ చెవి మీద పడింది. రెండోది పొట్టలో. కిందపడ్డాక బూటుకాలితో పక్కటెముకల మీద తన్నాడు. మందం కుడిచేతిలో టైరు కోసే కత్తి అలాగే ఉంది, మోచేయంత పొడుగు, వేలంత మందం. ఆ చెయ్యి ఒళ్ళు కాచుకోవడానికైనా లేవలేదు. మొన ఎవరికీ తగలకుండా నేలకి అదిమిపెట్టి, దెబ్బలు అయిపోయేదాకా ఉన్నాడు. చెంప చీరుకుపోయినవాడు వచ్చి చెల్లెలి మొగుణ్ణి పక్కకి లాగాడు. వెళుతూ వెళుతూ చెల్లెలి మొగుడు తన జేబులోంచి స్ప్రింగు కత్తి తీసి టక్కున విప్పి చూపించాడు. సన్నగా, పువ్వుకాడలా ఉంది.

లేపి కూర్చోబెడుతూ చెంప చీరినవాడు సణిగాడు. "అంత కత్తి చేతిలో పెట్టుకుని తన్నులు తింటావేంటన్నా? నువ్వొక్కసారి ఎత్తితే పారిపోయేవాడు కదా."

"ఇది అందుక్కాదురా" అన్నాడు మందం, మట్టి ఉమ్మేస్తూ.

 వాడు తన నీళ్ళ సీసా మూత తీసి, అంచు తుడిచి, అతని చేతికిచ్చాడు.

పొద్దు వాలాక, పక్కటెముకలు చేత్తో పట్టుకుని ఇంటిదారి పట్టాడు. టైరు కత్తి ఒరలో నడుముకి వేలాడుతోంది. సన్నగా జల్లు మొదలైంది. గుమ్మం దగ్గరికొచ్చేసరికి కాళ్ళు ఆగిపోయాయి. చెల్లెలి చెప్పులు మెట్టుమీదే ఉన్నాయి. పుట్టి బుద్ధెరిగాక చెప్పులతో గడప దాటని పిల్ల, చావు తప్పించుకుని వచ్చినప్పుడూ అలవాటుకొద్దీ విప్పే లోపలికెళ్ళింది. తీద్దామని వంగాడు. సందు మొదట్లో మోటారుసైకిలు వినిపించింది.

చెప్పులు వదిలేసి లోపలికి దూకి తలుపు మూయబోయాడు. మూసుకునేలోపు తలుపు సందులోంచి ఒక చెయ్యి దూరింది. పక్కటెముకల కింద చల్లగా ఏదో ఆనినట్టయింది, తర్వాత మంట. భుజంతో తలుపు విసురుగా నెట్టాడు. మణికట్టు నలిగి, బయట అరుపు వినిపించింది. చెయ్యి వెనక్కి పోయింది. టైరు కత్తి దూసి రెండు కొక్కేల్లోంచీ అడ్డంగా తోసి, అరచేత్తో పిడి మీద గుద్దాడు. కత్తి బిగుసుకుంది.

పక్కటెముకల కింద చూసుకున్నాడు. పెద్ద గాయం కాదు, బొత్తాం కాజా అంత. నెత్తురు కూడా బయటికి ఎక్కువ రాలేదు. లోపలికి పోతోందని అతనికి తెలుసు. వంకెకున్న తోలుకోటు తొడుక్కుని మెడదాకా గుండీలు పెట్టుకున్నాడు. గాయం చూస్తే చెల్లెలు కదలదు. కదలకపోతే ఈ పూట బస్సు పోతుంది. రేపనేది దానికి ఉండదు.

వంటగదిలో చెల్లెలు సంచీ గుండెకి హత్తుకుని గోడకి అంటుకుపోయి ఉంది. ముందుగదిలో తలుపు మీద ఇనపరాడ్డు దెబ్బలు మొదలయ్యాయి. ఇంటికి వెనక తలుపు లేదు, మురికికాలవ సందులోకి చిన్న కిటికీ ఉంది, దానికి నాలుగు చువ్వలు. గోడమీది మడతకత్తుల్లో అన్నిటికన్నా బరువైనది తీసి విప్పాడు. చువ్వ మొదట్లో చెక్కలోకి మొన దోపి, ఒంటి బరువంతా వేసి ఎత్తాడు. మామూలు కత్తయితే పుల్లలా విరిగేది. చెక్క పగిలి చువ్వ పైకి లేచింది. రెండోది లేచేటప్పుడు అతని నోట్లోకి ఉప్పగా ఏదో వచ్చింది. మింగేశాడు.

"నా చెప్పులు గుమ్మంలో ఉండిపోయాయన్నయ్యా."

తన బూట్లు విప్పి ఆమె కాళ్ళకి తొడిగి, తాళ్ళు చీలమండకి రెండు చుట్లు చుట్టి ముడేశాడు.

"పడవల్లా ఉన్నాయి" అందామె. తెరిచి ఉన్న ఒక్క కంట్లో నవ్వులాంటిది మెరిసి పోయింది.

"కాలవ దాటాలిగా మరి. పద అమ్మడూ."

"నువ్వూ రా."

"తలుపెవరు కాస్తారు? నీ మొగుడు అలిసిపోయాక వస్తాను."

ఆమె అతని ముఖంలోకి చూసింది. చీకటి పడుతోంది కాబట్టి సరిపోయింది. మొదట సంచీ, తర్వాత ఆమె సందులోకి దిగారు. బరువైన బూట్లు తడి రాళ్ళమీద టపటపమంటూ దూరమయ్యాయి. ఆ చప్పుడు పూర్తిగా వినబడకుండా పోయేదాకా చువ్వ పట్టుకుని నిలబడి, గోడ ఆసరాతో ముందుగదికి వచ్చాడు. తలుపుకి వీపు ఆనించి కూర్చున్నాడు.

రాడ్డు పడ్డప్పుడల్లా చెక్క పెచ్చులు రాలుతున్నాయి. దెబ్బదెబ్బకీ కత్తి కొక్కేల్లో గణగణమంటోంది తప్ప వంగడం లేదు. వీధిలో తలుపులన్నీ మూసుకున్నాయి.

"దాని చెప్పులిక్కడే ఉన్నాయి బావా. లోపలే ఉంది. ఇద్దర్నీ ఇవాళ ముక్కలు చేస్తాను."

ఆ మాటతో మందానికి ప్రాణం లేచొచ్చింది. వాడు చెప్పుల్ని నమ్ముకున్నాడు. నమ్మినంతసేపూ ఇక్కడే ఉంటాడు. ఖాళీ వంటగదివైపు తల తిప్పి, వీధిలోకి వినబడేలా అన్నాడు.

"నువ్వు పలక్కమ్మా. మూలకి జరిగి కూర్చో."

బయట రాడ్డు మరింత కసిగా పడింది.

"అన్నం తిన్నావా? పోనీలే, తర్వాత తిందువు గాని."

కాసేపటికొకసారి అలా ఏదో ఒకటి అంటూనే ఉన్నాడు. ఏడవొద్దన్నాడు. మంచినీళ్ళు తాగమన్నాడు. చిన్నప్పుడు ఉరుములకి భయపడితే దుప్పటి కప్పి చెప్పిన అబద్ధాలన్నీ మళ్ళీ చెప్పాడు. మాటకీ మాటకీ మధ్య ఎడం పెరిగింది. సందు చివర బస్సు హారన్ మోగి, ఇంజను బరువుగా లేచి, మలుపు తిరిగి పలచబడింది. అతను విన్నాడు.

"ఇంక పడుకో అమ్మడూ" అన్నాడు.

తర్వాత లోపల్నుంచి ఏమీ వినబడలేదు. చెల్లెలి మొగుడు ఇంకా చాలాసేపు కొట్టాడు. నలిగిన మణికట్టు వాచిపోయాక రాడ్డు విసిరేసి, ఎప్పటికైనా బయటికి రావాల్సిందేగా అని మెట్టుమీద కూర్చున్నాడు. వాన పెద్దదయ్యాక తిట్టుకుంటూ లేచి బండెక్కాడు.

వీధిలో ఒక తలుపు కొంచెం తెరుచుకుంది. ఎదురింటి ముసలావిడ నెత్తిన గోనెసంచి కప్పుకుని వచ్చి, చితికిపోయిన తలుపు మీద వేలితో తట్టి మెల్లిగా పిలిచింది. జవాబు రాలేదు. నిద్రపోయారు కాబోలు, లేపడమెందుకని, సహాయానికి మెకానిక్‌ని పిలుచుకురమ్మని కొడుకుని పంపడానికి వెనక్కి తిరిగింది. పోతూ పోతూ మెట్టుమీద తడుస్తున్న చెప్పులు చూసి వంగింది. నీళ్ళు విదిలించి, రెంటినీ చూరు కిందికి జరిపి, పొద్దున్న తొడుక్కునేటప్పటికి ఆరి ఉండాలని గోడకి ఏటవాలుగా నిలబెట్టింది.