ఎండ ఉన్నంతసేపు

"కూసోని చేసే పనికి అలుపేంది?"

పొద్దున చపాతీ పిండి కలుపుతుంటే అత్తమ్మ అన్న మాట ఇది. కంప్యూటరు ముందు నుంచి లేచి నేరుగా వంటింట్లోకి వచ్చాను. నడుము పట్టేసిందన్నాను, అంతే.

నేనూ నా భర్త సంతోషూ ఒకే పరిశోధన సంస్థలో పనిచేస్తాం. సిరిసిల్ల మరమగ్గాలు పూర్తిగా సౌర విద్యుత్తుతో నడవాలంటే ఏం చేయాలో కంప్యూటర్లో నమూనా కట్టి చూపడం మా పని. కట్టేది నేను, మీటింగుల్లో చెప్పేది ఆయన. మగ్గాలను రాత్రి ఆపి ఎండ ఉన్నంతసేపే నడిపితే బ్యాటరీలు అక్కర్లేదని తేల్చాను. తంగళ్ళపల్లిలో ఒక షెడ్డు అప్పుడే ఆ పద్ధతికి మారింది.

మధ్యాహ్నం ఆ షెడ్డు చూడటానికి వెళ్లి, పక్కనే కొమురవ్వ ఇంటి ముందు ఆగాను. మగ్గంలో పెట్టే నూలు కండెలను ఆడవాళ్లు ఇళ్లలోనే చిన్న మోటార్లతో చుడతారు. కొమురవ్వదీ అదే పని. ఆమె కుడిచేతికి కట్టు ఉంది.

"ఏమైందవ్వా?"

"కునుకువట్టి మోటర్ల చెయ్యి వడ్డది బిడ్డా. మగ్గాలు రాత్రి నడిశినప్పుడు పొద్దున నూలిచ్చేటోళ్లు, ఇంటిపని చేసుకుంట నిమ్మలంగ చుట్టేదాన్ని. ఇప్పుడు పొద్దుగూకినంక ఇచ్చి తెల్లారేసరికి కండెలు కావాలంటున్నరు. ఎవలో మేడమ్ కంప్యూటర్ల లెక్కగట్టిందట."

"ఆ లెక్క నాదే అవ్వా."

ఆమె నన్ను తేరిపార చూసింది. "అయితే మార్సరాదా బిడ్డా?"

తిరిగి వస్తున్నంతసేపూ ఆ మాటే. నమూనాలో ప్రతి యంత్రానికీ చోటిచ్చాను. కండెలు మాత్రం వాటంతటవే వచ్చి పడతాయనుకున్నాను, మా ఇంట్లో సంతోష్ ముందుకు కంచం వచ్చినట్టు. ఇల్లు చేరగానే ఆడవాళ్ల వంటనూ నిద్రనూ లెక్కలోకి తెచ్చాను. కండెలు పగలు చుట్టాలంటే కొన్ని మగ్గాలు చీకటి పడ్డాకా నడవాలి. బ్యాటరీలు కావాలి. ఖర్చు పెరిగింది.

సంతోష్ తెర చూసి నెత్తి పట్టుకున్నాడు. "ఇంట్ల పని మన పరిధిలకు రాదు అఖిలా. రేపు జగిత్యాల మీటింగ్‌ల ఇదంత ఎట్ల చెప్పాలె నేను? పాతదే ఇయ్యి."

"నువ్వు చెప్పకు," అన్నాను. "నేనే పోతున్న. రేపు వంట నువ్వు చెయ్యి."

"మరి అమ్మకు..."

"అత్తమ్మకు గూడ."

మర్నాడు నేను బస్సుకు బయలుదేరేసరికి ఇంట్లో ఇంకా ఎవరూ స్టవ్ వెలిగించలేదు. చెప్పులు వేసుకున్నాను.