పాత లైను కింద గడ్డివామి

రాజారత్నానికి తెలివి ఎంత ఉందో తొందరా అంతే ఉంది. చిత్తూరు కరెంటాఫీసులో ఇంజనీరు ఆయన. యుద్ధం ముగిసిన మరుసటి ఎండాకాలం, తిరుపతికి పాత లైను చాలక, రేణిగుంట మీదుగా చుట్టుదారిన లావు తీగలతో కొత్త లైను వేశారు. రెండూ కలిపితే ఎందులో ఎంత కరెంటు పోతుందో చూడ్డానికి ఆయన బల్ల మీద నమూనా కట్టాడు. లైనుకొక చిన్న బల్బు. ఎందులో కరెంటు ఎక్కువైతే అది ఎక్కువ వెలుగుతుంది. లైన్ల పొడవును బట్టి తగిలించాల్సిన రాగి చుట్టలు మద్రాసు నుంచి రాలేదు. ఆగితేనా! బ్యాటరీతోనే లెక్క తేల్చేశాడు. భారమంతా లావు తీగదే, పాత సన్నతీగకు ఇక విశ్రాంతే అన్నాడు.

ఆ పాత లైను చంద్రగిరి దగ్గర ఆయన చెల్లెలు భారతమ్మ కళ్లం మీదుగా పోతుంది. కరెంటు ఎక్కువైతే తీగలు కాగి కిందికి వేలాడేవి. అందుకే అక్కడెవరూ గడ్డివామి వేసేవాళ్లు కాదు. లైన్లు కలిపే ముందురోజు భారతమ్మ అన్నను అడిగింది.

"అన్నా, వామి ఈడనే ఏసుకుంటే ఏమన్నా అయితాదా?"

"ఏం గాదు మే. ఇంక ఆ తీగె కాగేది లేదు, దిగేది లేదు. ఎంతెత్తన్నా ఎయ్యి."

"నువ్వు సెప్పినాంక ఇంకేం బయం! రేపు నేనే పైకెక్కి సర్దుకుంటా" అని ఆమె నవ్వింది.

మర్నాడు పొద్దున లైన్లు కలిపారు. మధ్యాహ్నానికి చుట్టలొచ్చాయి. నమూనా పూర్తి చేద్దామని రాజారత్నం తీరిగ్గా వాటిని బిగించి, బ్యాటరీ తీసేసి, అసలు లైన్లలో పోయే ఏసీ కరెంటు ఇచ్చాడు. కొత్త లైను బల్బు మసకబారింది. పాత లైను బల్బు భగ్గున వెలిగి మాడిపోయింది.

అయ్యో రాత! బ్యాటరీ కరెంటుకు ఎదురుకాని రియాక్టెన్స్‌ను వదిలేశాడు మహానుభావుడు. ఏసీ కరెంటుకు లైను పొడుగయ్యేకొద్దీ అడ్డు పెరుగుతుంది, తీగ ఎంత లావైనా ఆ అడ్డు పెద్దగా తగ్గదు. అందుకే కరెంటు చుట్టుదారి మానేసి, దగ్గరిదైన సన్నతీగ మీద పడింది.

బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. వామి మీద చెల్లెలు ఉంటుంది. రాజారత్నం చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, తిరుపతిలో స్విచ్చులు చూసే కుప్పుస్వామికి ఫోను చేశాడు.

"అప్పా, పాత లైను ఆపెయ్! బిన్నా ఆపు!"

"నేను ఆపే పని లేదు సార్. ఇప్పుడే స్విచ్చు దానంతటదే పడిపోయినాది. తీగె యాడో దేనికో తగిలినట్టుండాది." కుప్పుస్వామి కిటికీలోంచి బయటికి చూశాడు. "చంద్రగిరి పక్క పొగ లేస్తాండాది సార్. ఎవురిదో వామి అంటుకున్నట్టుండాది, పాపం."