ఈ ప్రాంతంలో లేని గొంతు

తెల్లవారితే నాన్నకు ఆపరేషన్. ఒక చెవి ఇదివరకే పోయింది. రెండో చెవి నరం మీద పెరిగిన గడ్డను తీసేస్తే ప్రాణం దక్కుతుంది గానీ ఇక ఏ శబ్దమూ వినపడదని డాక్టరమ్మ ముందే చెప్పేసింది. నాన్న ఒక్కటే అడిగాడు.

"ఈ సాయంత్రం మీ అమ్మ గొంతు వినిపించు, చాలు."

అమ్మ డబ్బింగ్ చెప్పేది. బతికినన్నాళ్లూ మైకు ముందు నిలబడి ఎవరెవరికో గొంతు అరువిచ్చింది. ఆ గొంతును ఇంట్లో దాచుకోవాలని మా మట్టిబుర్రలకు తట్టలేదు. మిగిలింది ఒక్క సీరియల్, అందులో గయ్యాళి అత్తగారు. ఇక్కడ యాప్‌లో వచ్చేది వేరే ఆవిడ చేత మళ్లీ చెప్పించినది. అమ్మ చెప్పినదాన్ని ఇంకో దేశానికి అమ్మేశారు. అందుకని వీపీఎన్ పెట్టుకుని, ఆ దేశంలో ఉన్నట్టు నటిస్తూ వినేవాళ్లం. ఎక్కడికి పోతుందిలే అనుకున్నాం.

ఆసుపత్రి మంచం మీద లాప్‌టాప్ పెట్టి, ఎప్పటిలాగే వీపీఎన్ తగిలించి సీరియల్ వేశాను. అత్తగారు నోరు తెరిచింది. నాన్న ముఖం చిన్నబోయింది.

"ఈవిడెవరు?"

నెట్‌వర్క్ పనులు చేసే బావకు ఫోన్ చేశాను. అరగంట తంటాలుపడ్డాడు.

"యాప్ వాళ్లు పట్టేశారు మరదలా. మనం వాడే వీపీఎన్ అడ్రసు నుంచి వేలమంది చూస్తున్నారు. ఒక ఇంట్లో అంతమంది ఉంటారా? పైగా అది సర్వర్లు అద్దెకిచ్చే కంపెనీ అడ్రసు. అలాంటివన్నీ ఏరి పక్కనపెడతారు."

"మరి ఆపెయ్యకుండా ఈవిణ్ణెందుకు తగిలించారు?"

"అనుమానమొస్తే ఇక్కడివాళ్లకిచ్చేదే ఇస్తారు. వేరే సర్వర్లూ చూశా. ఒక్కటీ పనిచెయ్యలేదు."

నాకు ఒళ్లు మండింది. సీరియల్ వేసే ఆ యాప్ కంపెనీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను. ఒక కుర్రాడు, ఆ ఆడియో మీ ప్రాంతంలో అందుబాటులో లేదండీ అన్నాడు.

"ప్రాంతమేంటయ్యా? ఆవిడ మా అమ్మ! మా వంటింట్లో అరిచిన గొంతుకి గీత గియ్యడానికి మీరెవరు? మీ ఇంట్లో అమ్మలు లేరా?"

ఎడాపెడా వాయించాను. అంతా విని, ఇంకేమైనా సహాయం కావాలా అన్నాడు. పాపం, వాడిదేం తప్పు. ఫోన్ పెట్టేసి చూస్తే నాన్న నవ్వుతున్నాడు. కళ్లు మాత్రం నిండిపోయి ఉన్నాయి.

"అది కట్టెయ్ తల్లీ."

"ఆగు నాన్నా, బావ ఇంకోటేదో చూస్తానన్నాడు."

"వద్దు. ఇందాక నువ్వు తిడుతుంటే అచ్చం మీ అమ్మే. ఇంకాస్త తిట్టు. నన్నే తిట్టు."

పనిచేసే చెవి నా వైపుకు వచ్చేలా జరిగి పడుకుని, కళ్లు మూసుకున్నాడు.

నా నోటికి జడవని వాళ్లు మా ఇంట్లో లేరు. తిట్టడానికి కారణాలకూ కొదవ లేదు. వేళకు మందులు వేసుకోడు, చెవి నొప్పి ఏడాది పాటు మా దగ్గర దాచాడు. నోరు తెరిచాను. తిట్టడానికి బదులు ఆయన దుప్పటి సర్దాను.

నాన్న చెవి ఒగ్గి ఎదురుచూస్తూనే ఉన్నాడు.