పళ్ళెంలో ఆరు చుక్కలు

సముద్రపు గాలి మళ్ళిందంటే ఉషారాణికి కాలు ఒకచోట నిలవదు. అల్లూరు శివార్లలో వాళ్ళ ఇంటికి తూర్పున ఊరి చెత్తంతా పోసే దిబ్బ, దక్షిణాన కోళ్ళ ఎరువు చల్లిన వరిమళ్ళు. గాలి రాగానే తలుపులు మూసేది, కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కేది, పది నెలల పాప రొమ్ముకు చెవి ఆనించి గురక వింటూ కూర్చునేది.

"జువ్వలదిన్నెలో మా అమ్మ దగ్గరుంటే పోయిన దగ్గు, ఇక్కడికొచ్చిన మూడోనాటికి మళ్ళీ పట్టుకునింది. అంతా ఈ గాలే," అనేది భర్తతో.

"గాలిలో ఏముండాదో నీ కంటికి కనపడతాందా?" అనేవాడు మధుబాబు.

అందుకే, గాలిలో తేలే బ్యాక్టీరియాను లెక్కగడతామంటూ కాలేజీ నుంచి విజయకుమారి అనే అమ్మాయి వచ్చినప్పుడు, తన వాకిట్లో కూడా పరీక్ష పెట్టమని ఉషారాణి వెంటపడింది. అది మూత ఉన్న చిన్న పళ్ళెం. అడుగున గడ్డకట్టిన గంజిలాంటిది.

"గాలి తిరిగాక మూత తియ్యక్కా. పావుగంటాగి మూసెయ్. అందులో పడినవి రెండుమూడు రోజుల్లో చుక్కలుగా పెరుగుతాయి," అని చెప్పి, దిబ్బ దగ్గరొకటి, పొలం గట్టు మీదొకటి ఆ అమ్మాయే పెట్టుకుంది.

"చుక్కలు ఎక్కువొస్తే బిడ్డను మీ అమ్మ దగ్గర నేనే దించొస్తా," అన్నాడు మధుబాబు. "రాకపోతే మాత్రం మళ్ళీ ఈ మాట ఎత్తగూడదు."

నాలుగో రోజు విజయకుమారి ఫోటోలు చూపించింది. దిబ్బ దగ్గరి పళ్ళెం నిండా చుక్కలే. పొలం దగ్గరిదీ అంతే. ఉషారాణి వాకిటి పళ్ళెంలో ఆరే ఆరు.

"చూసినావా అమ్మే!" అని అత్త వెంకటశేషమ్మ పకపకా నవ్వింది. "క్రిములకు కూడా నువ్వంటే హడలే!"

ఉషారాణి కూడా నవ్వింది. ఆ పూట కిటికీ తెరిచే ఉంచింది.

మర్నాడు పాపకు తలంటి, వాకిట్లో నిప్పుల మీద సాంబ్రాణి వెయ్యబోయి, చెయ్యి ఆపేసింది. పళ్ళెం మూత తీసిన రోజు కూడా ఇట్లాగే పాపకు తలంటి, పాడుగాలి వీస్తోందని రెండు గుప్పిళ్ళు ఎక్కువే వేసింది. పళ్ళెం పక్కనే.

అప్పటికప్పుడు ఫోన్ చేసింది. "పొగ వేసినానమ్మా, పాప జుట్టు ఆరిందాకా. చెప్పాలని తట్టలేదు."

"అయితే ఆ పొగకే క్రిములు చచ్చుంటాయి, ఆ లెక్క పనికిరాదక్కా. రేపు ఇంకోటి తెస్తా. దగ్గే బిడ్డకు ఆ పొగ కూడా వద్దు."

"చుక్కలొచ్చేదాకా పెట్టిస్తానే ఉంటావా ఏంది?" అన్నాడు మధుబాబు.

"మళ్ళీ ఆరే వస్తే నోరెత్తను. కానీ నిజంగా ఆరో కాదో నాకు తెలియాల."

రెండోసారి మూత తీసి ఉషారాణి వాకిట్లోనే నిలబడింది. అలవాటు కొద్దీ నిప్పులు తెచ్చిన అత్త, పళ్ళేన్ని చూసి గడపలోనే ఆగిపోయింది. గొణుక్కుంటూ నిప్పుల మీద చెంబుడు నీళ్ళు కుమ్మరించి, పాపను కొంగుకింద దాచుకుని లోపలికి పోయింది.

ఈసారి ఫోటోలో చుక్కలు లెక్కకు అందలేదు. మధుబాబు దాన్ని రెండు వేళ్ళతో పెద్దది చేసి చాలాసేపు చూశాడు. "బట్టలు సర్దు. పదింటి బస్సుకు పోదాం," అన్నాడు.

బస్సు దాకా వచ్చిన వెంకటశేషమ్మ పాపను అందిస్తూ దగ్గింది.

"ఎన్నాళ్ళ నుంచి అత్తా ఆ దగ్గు?"

"ఇది పాతదిలే అమ్మే. నువ్వు ఎక్కు."

బస్సు కదిలింది. పాపను ఒళ్ళో అదుముకుని, ఉషారాణి కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కే చూస్తోంది. అత్త కొంగు నోటికడ్డం పెట్టుకుని, గాలికి ఎదురుగా ఇంటివైపు నడుస్తోంది.