నీడలకు గేటు తీసే మనిషి

"జొన్నసేను గట్టు మీద నిలవడ్డదే,
ఎవలదమ్మ ఆ నీడ, ఎవలదే..."

తర్వాతి వరుస గోపమ్మకు ఏనాడూ గుర్తుకు రాదు. చిన్నప్పుడు కలుపు తీసేకాడ ముసలమ్మలు పాడుతుంటే విన్నది. వాళ్లు పోయిండ్రు, వాళ్లతోనే ఆ వరుస కూడా పోయింది. ఉన్న రెండు వరుసలనే గానుగెద్దు లాగ తిప్పుకుంటూ, ఆమె రోజూ తన ఊరు హిమాయత్‌నగర్ స్టేజీ కాడ మొదటి షేర్ ఆటో ఎక్కుతుంది. చేవెళ్ల రోడ్డు మీది మండలాఫీసు ముందర దిగుతుంది. బొడ్లోంచి తాళంచెవి తీసి, మనుషులు వచ్చిపోయే చిన్న దర్వాజ తెరుస్తుంది. వాకిలి ఊడ్చి నీళ్లు చల్లుతుంది. ఎమ్మార్వో గది తుడిచి, కుర్చీ మీది తెల్ల తువ్వాల సరిచేసి, కూజా నింపుతుంది. పందొమ్మిదేండ్లుగా ఇదే తీరు.

ఇది కాక ఆమెకు ఇంకొక పని ఉన్నది. ఆఫీసులో ఎవరికి బదిలీ కానున్నా, ఆర్డరు రావడానికి మూడు రోజుల ముందు వాళ్ల నీడ కొత్త ఊరికి వెళ్లిపోతుంది. పొద్దు పొడవంగనే మనిషి నుంచి విడివడి, వాకిట్లోకి వచ్చి పెద్ద గేటు కాడ నిలబడుతుంది. చిన్న దర్వాజలోంచి పోదు, హోదా గల నీడ కదా. జీపు వచ్చినప్పుడు తెరిచినట్టే రెండు రెక్కలూ బార్లా తెరవాలి. గోపమ్మ తెరిచి, అడ్డం లేకుండా ఓ పక్కకు జరిగి నిలబడుతుంది. నీడ రోడ్డు దాటి బస్సెక్కుతుంది. కండక్టర్లు దానికి టికెట్ కొట్టరు.

చాయ హోటల్లో కూర్చున్న భూముల బ్రోకర్లు మాత్రం చాయ చల్లారబెట్టుకొని మరీ చూస్తుంటారు.

"ఏ బస్సెక్కిందే?"

"పరిగి బస్సు."

"పరిగా? అంత దూరం తోలిండ్రంటె పెద్దోళ్లకే కోపమొచ్చినట్టున్నది."

ఒకప్పుడు మూడేండ్లకు ఒక నీడ పోయేది. హైటెక్ సిటీ లేచి, కంప్యూటర్ల నౌకర్లోళ్లు కార్లలో వచ్చి మామిడి తోటలు బేరమాడుడు మొదలైనంక, భూముల ధరలతో పాటు నీడలకు కూడా కాలు నిలవకుండా అయింది. ఇప్పుడు ఆరు నెలలకొకటి పోతున్నది. ఒక సారు వచ్చిన నెలకే పోయిండు, ఆయన నీడ ఆకారం కూడా ఎవరికీ సరిగా గుర్తులేదు.

నీడ పోయినంక పద్ధతి ఒకటున్నది. అటెండర్ జంగయ్య కుర్చీ మీది తువ్వాల తీసి ఉతుకుతాడు. పెద్ద క్లర్కు నాగేందర్ ముద్ర తీసుకొని బీరువాలో పెట్టి తాళమేస్తాడు. చార్జి అప్పజెప్పే కాగితం ఒక్కటి తప్ప, నీడ లేని అధికారి ముందర ఏ ఫైలూ పెట్టరు. ఆ అధికారి కూడా అడగడు. మూడు రోజులు చాయ తాగుకుంటూ, కిటికీలోంచి రోడ్డు చూసుకుంటూ కూర్చుంటాడు.

గోపమ్మ కాగితం ఆగింది అక్కడే. ఏండ్ల తరబడి కూలి మీద ఊడ్చేవాళ్లను పర్మనెంటు చేయమని సర్కారు చెప్పింది. ఎన్నేండ్లు చేసిందో ఎమ్మార్వో రాసి సంతకం పెడితే చాలు. ఏడుగురు సార్లను అడిగింది. ఏడుగురూ వచ్చే వారం అన్నారు. ఏడుగురికీ ఆమెనే గేటు తీసింది. ఈసారి నెలాఖరు దాటితే ఇక పేర్లు తీసుకోరట.

"నీ కాగితం మంచిదే గోపమ్మ," అంటాడు నాగేందర్. "గని నువ్వు ఏ రిజిస్టర్ల ఉన్నవో చెప్పు."

"అన్ని రిజిస్టర్ల మీద దుమ్ము దులుపుత సారు."

"దులిపినంత మాత్రాన లోపటికి పోతవా?"

"మీరు ఎన్నడన్న తెరిస్తె పోదును."

జంగయ్య నవ్వు ఆపుకోలేక చాయ కప్పులు పట్టుకొని బయటికి పోయిండు.

కొత్త ఎమ్మార్వో సమత మేడంకు ముప్పై దాటలేదు. ఆఫీసు వెనకాల క్వార్టర్లో ఒక్కతే ఉంటుంది. వచ్చిన నాలుగు నెలల్లో తన కూజాలో తనే నీళ్లు నింపుకుంది రెండుసార్లు, గోపమ్మకు జ్వరమొచ్చినప్పుడు. సోమవారం నాడు గోపమ్మ కాగితం ముందర పెడితే చివరిదాకా చదివింది.

"పందొమ్మిదేండ్లా అవ్వా?"

"దసరాకు ఇరవై పడుతది మేడం."

"రేపు పొద్దున తీసుకరా. మొదటి సంతకం నీదే."

వచ్చే వారం అనలేదు, రేపు అన్నది. ఆ పొద్దంతా గోపమ్మ కాళ్లు నేల మీద ఆనలేదు. ఇంటికి పోయేటప్పుడు ఆటోలో తన స్టేజీ దాటి అవతలి స్టేజీలో దిగింది, అంత పరధ్యానం.

మంగళవారం పొద్దున వాకిలి ఊడుస్తుంటే, చీపురు ముందర ఏదో నల్లగా కదిలింది. తలెత్తి చూస్తే పెద్ద గేటు కాడ సమత మేడం నీడ నిలబడి ఉన్నది. భుజానికి బ్యాగు నీడ కూడా ఉన్నది.

ఏదో భూమి కాగితం మీద మేడం సంతకం పెట్టలేదని చాయ హోటల్లో అనుకున్న మాట గోపమ్మ చెవిన పడింది కానీ, ఇంత జల్ది అవుతుందనుకోలేదు. తాళంచెవి చేతిలోకి వచ్చింది. చేయి గొలుసు దాకా పోయి ఆగింది.

"ఒక్క దినం ఆగు బిడ్డా," అన్నది నీడతో. "ఒక్క దినమే."

తాళంచెవి మళ్లీ బొడ్లో దోపుకుంది.

లోపల మేడం పాదాల కింద నేల బోసిగా ఉన్నది. నాగేందర్ వచ్చీ రాగానే ఆ సంగతి చూసిండు, ముద్ర బీరువాలో పెట్టిండు.

"గేటు దాటలే గద సారు," గోపమ్మ అన్నది. "ఇంక మన వాకిట్లనే ఉన్నది."

"మనిషిని ఇడిసిందా లేదా? ఇడిసింది. అంతే. నా నౌకరి పోగొట్టకు."

నీడ తిరిగి లోపలికి పోతుందేమోనని గోపమ్మ చూసింది. పోలేదు. ఎవరినీ తిట్టలేదు, గేటు కదిలించలేదు. ఎండ ఎటు తిరిగినా అది అటు తిరగకుండా, బడికి తయారై ఆటో కోసం ఎదురుచూసే పిల్ల లాగ గేటు పక్కన కూర్చున్నది. సాయంత్రమైనా అక్కడే, బుధవారమంతా అక్కడే.

మేడం మాత్రం తగ్గిపోసాగింది. చాయ తాగి, తాగలేదనుకొని మళ్లీ అడిగింది. జంగయ్యను పేరు పెట్టి పిలవబోయి, పేరు దొరకక ఆగిపోయింది. బుధవారం సాయంత్రం గోపమ్మ గది తుడుస్తుంటే, తన రెండు చేతులు బల్ల మీద పెట్టుకొని వాటిని ఎవరివో అన్నట్టు చూస్తున్నది.

"ఏమైతున్నదో తెల్వదు అవ్వా. ఇక్కడ లేనట్టున్నది. అక్కడికి పోయినట్టూ లేదు."

"ఎక్కడికి మేడం?"

"అదే తెలుస్తలేదు."

గోపమ్మ తుడిచిన చోటే మళ్లీ తుడిచింది. గుడ్డ పిండి బయటికి వచ్చి వరండా మెట్ల మీద కూర్చున్నది. నెలాఖరుకు మూడు రోజులే ఉన్నాయి. నీడను పట్టుకొని లాభం లేదు, విడిచిపెట్టినా లాభం లేదు. కానీ లోపల ఒక పిల్ల సగం సగం అయిపోతున్నది, ఆ తాళంచెవి తన బొడ్లోనే ఉన్నది. ఇన్నేండ్లలో ఎవరికీ అడ్డం నిలబడలేదు. ఇప్పుడు నిలబడి ఏం బావుకుంది?

గురువారం పొద్దున ఊడ్చుడు కూడా మొదలుపెట్టకుండానే నేరుగా పెద్ద గేటు కాడికి పోయింది. గొలుసు తీసింది. రెండు రెక్కలూ బార్లా తెరిచింది.

"నా పనికి నిన్ను ఆపిన బిడ్డా. మనసుల పెట్టుకోకు. పో, పైలం."

నీడ లేచింది. గేటు దాకా పోయి ఆగింది. వెనకకు తిరిగి, గోపమ్మ కాళ్ల కాడ నేల మీద పరుచుకొని ఉన్న ఆమె నీడ పక్కన వంగింది. చేయి పట్టి లేపింది. గోపమ్మ నీడ మోకాళ్ల నొప్పుల మనిషి లేచినట్టే లేచింది, నడుము మీద చేయి పెట్టుకొని. ఇద్దరూ గేటు దాటిండ్రు. బస్ స్టేజీ కాడ సమత మేడం నీడ తాండూరు బస్సెక్కింది. గోపమ్మ నీడ కాసేపు అటూ ఇటూ చూసి, ఆ వెనక వచ్చిన చేవెళ్ల బస్సెక్కి ఆడోళ్ల సీట్లో కూర్చున్నది.

ఎండ ఎక్కినంక నాగేందర్ స్కూటర్ దిగుతూ వాకిట్లో గోపమ్మను చూసి అట్లనే నిలబడ్డడు. ఆమె ఎండలో ఉన్నది. కింద చీపురు నీడ ఒక్కటే ఉన్నది.

"నీ నీడేది?"

"చేవెళ్ల పోయింది సారు."

నాగేందర్ హెల్మెట్ తీసుడు మరిచిపోయి లోపలికి పోయిండు, జంగయ్యను పిలిచిండు.

"నౌకరి లేనోళ్ల నీడ పోంగ ఎన్నడన్న చూసినవా?"

"లేదు సారు. నౌకరి ఉంటెనే పోతది."

"అంటె ఈమెకు నౌకరి ఉన్నట్టే గద?"

"ఉన్నట్టే."

"ఉన్నోళ్ల పేరు నా రిజిస్టర్ల లేకపోతె తప్పు ఎవరిది?"

"మీదే సారు," అన్నడు జంగయ్య సంతోషంగా.

నాగేందర్ చెమట తుడుచుకొని రిజిస్టర్ తెరిచిండు. ఇంత పెద్ద లోటు తన చేతి మీద ఉంటే రేపు అడిగేవాళ్లకు ఏం చెప్పాలి? సిబ్బంది పేర్ల కింద, అందరికన్నా చివర్న, గుండ్రంగా గోపమ్మ పేరు రాసిండు, పక్కన పందొమ్మిదేండ్లని రాసిండు. ఆ పేజీనే చార్జి కాగితంలోకి ఎక్కించిండు. చార్జి కాగితానికి నీడతో పని లేదు కాబట్టి బీరువా తెరిచి ముద్ర కూడా తీసిండు. సమత మేడం సంతకం పెట్టింది. నీడ దారి పట్టినంక ఆమె చేయి మళ్లీ ఆమె చేతి లాగనే ఉన్నది, సంతకం ఒంపులు తిరిగి చివర్న ఒక గీతతో పడింది. జంగయ్య ఆ కాగితం పట్టుకొని మొదటి బస్సుకే జిల్లా ఆఫీసుకు పోయిండు.

ఆదివారం దాటి సోమవారం రావలసిన తపాలా శనివారం నాడే వచ్చింది. ఒకే కవరులో రెండు ఆర్డర్లు. సమత మేడంకు తాండూరు. గోపమ్మకు పర్మనెంటు, చేవెళ్ల ఆఫీసులో. నీడలు పోతుంటే ఏనాడూ నోరు తెరవని ఆఫీసు, ఒక కాగితం మూడు రోజుల్లో కదిలి వచ్చినందుకు మాత్రం నోరు తెరిచి చూసింది. పక్క గది నుంచి కూడా వచ్చి కవరు తిప్పి తిప్పి చూసిండ్రు, అసలుదేనా అని.

ఆర్డరు అందినట్టు గుర్తు పెట్టమని నాగేందర్ సిరా డబ్బా ముందరికి జరిపిండు. గోపమ్మ అలవాటుగా ఎడమ బొటనవేలు ముంచి కాగితానికి అద్దింది. అద్దినంక గుర్తొచ్చింది, పోయిన ఎండాకాలం రాత్రి బడిలో పేరు నేర్చుకున్న సంగతి. మూడు అక్షరాలు, మూడోదానికి ఒత్తు కూడా వచ్చింది. ఇప్పుడు చెప్తే వీళ్లు నవ్వుతరేమోనని, సిరా వేలితోనే బల్ల అంచు మీద ఆ మూడక్షరాలు సన్నగా గీసి, వేలు కొంగుకు తుడుచుకుంది. తువ్వాల లేని కుర్చీలో కూర్చున్న మేడం అదంతా చూస్తున్నది.

సాయంత్రం మేడంకు శాలువా కప్పిండ్రు, మిక్చర్ తిని చాయ తాగిండ్రు. తాండూరు బస్సు వచ్చింది. గోపమ్మ బ్యాగు అందించి, కిటికీ కింద నిలబడ్డది. సాయంత్రపు ఎండలో రోడ్డు మీద అందరి నీడలూ పొడుగ్గా పడి ఉన్నాయి, వీళ్లిద్దరివి తప్ప. బస్సు కదలబోతుంటే మేడం కిటికీలోంచి వంగింది.

"చేవెళ్లల కూడ సిరా డబ్బానే ముందర పెడుతరు అవ్వా. వేలు ముంచకు. పేరు రాయి. నిమ్మళంగ రాయి, వాళ్లు ఆగుతరు."